కరెంటు నిల్వ, చివరి ఇంటి బల్బు

ఎందుకు రాయవలసి వచ్చింది

విద్యుత్తును నిల్వ చేసేవారిని ప్రోత్సహించడానికి మన రాష్ట్రంలో ఒక విధానం వచ్చింది. అందులో స్థలం ఎలా ఇస్తారో ఉంది, ఏ రుసుములు మినహాయిస్తారో ఉంది, అనుమతులు ఎంత త్వరగా ఇవ్వాలో ఉంది. అంతా క్రమంగా, చక్కని భాషలో ఉంది. అయితే ఆ నిల్వ కేంద్రం తీగకు కలిసిన తరువాత, అదే తీగ మీద పనిచేయడానికి స్తంభం ఎక్కే మనిషి గురించి నేను చదివిన కాగితాలలో ఒక్క వాక్యం కూడా కనిపించలేదు.

ఆ వాక్యం లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అటువంటి కాగితం ఒకటి నేనే రాశాను. దానివల్ల మద్దిలేటి అనే లైన్‌మన్ ప్రాణం పోవలసింది. పోలేదు. ఎందుకు పోలేదో, ఇప్పుడు ఉద్యోగంలో చేరుతున్న ఇంజనీర్లు తెలుసుకోవాలి. నంద్యాల, ఆళ్లగడ్డ, డోన్ ప్రాంతాలలో ముప్పై ఏళ్లకు పైగా విద్యుత్ పంపిణీ శాఖలో పనిచేశాను. నాకు వచ్చిన పదోన్నతులు, సన్మానాలు ఎవరికీ అక్కరలేదు. ఈ ఒక్క సంగతి అందరికీ కావాలి.

సంతకం నేర్పిన పెద్దాయన

నా మొదటి నియామకం డోన్‌లో. అక్కడ మా పై అధికారి వెంకటసుబ్బయ్యగారు. తెల్ల చొక్కా, బిగించి కట్టిన చేతిగడియారం, ఎవరినీ ఆలస్యానికి క్షమించని స్వభావం. ఆయన నన్ను మొదటి రోజే ఒక స్తంభం కింద నిలబెట్టి, పైన పనిచేస్తున్న మనిషిని చూపించి అడిగారు.

"ఆయప్ప పైకి పోయినాడే, ఏ ధైర్యంతో పోయినాడు?"

"లైను ఆపించుకుని వెళ్లాడు సార్."

"ఆపినట్టు ఆయప్ప చూసినాడా?"

"లేదు సార్. సబ్‌స్టేషన్ నుంచి చెప్పారు."

"ఆ చెప్పిన మాటకు పుస్తకంలో సంతకం ఉంది. పైన నిలబడింది మనిషి కాదు, ఆ సంతకం. అది తప్పయితే మనిషి కింద పడతాడు. గుర్తు పెట్టుకో."

మా వృత్తి తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను 'లైన్ క్లియర్' అడుగుతాడు. ఆపరేటర్ ఆ లైనుకు కరెంటు వెళ్లే స్విచ్చు తెరిచి, తాళం వేసి, పుస్తకంలో రాసి, ఒక నంబరు చెబుతాడు. పని ముగించి లైన్‌మన్ ఆ నంబరు తిరిగి అప్పగించేదాకా లైనుకు కరెంటు ఇవ్వకూడదు. ఇదే మా శాఖలో అతి పవిత్రమైన నియమం. వెంకటసుబ్బయ్యగారు దాన్ని నా ఎముకలలోకి ఎక్కించారు. అందుకు ఆయనకు ఈనాటికీ మనసులో నమస్కరిస్తాను.

కానీ ఆయన నేర్పింది సగమే. మిగతా సగం నేర్పినది మద్దిలేటి.

చెన్నమ్మ ఇంటి ఫ్యాను

నేను ఆళ్లగడ్డకు వచ్చేనాటికి మద్దిలేటికి నా వయసే ఉంటుంది. పొట్టి మనిషి. ఎండకు కమిలిన ముఖం. భుజాన ఒక పాత సంచీ; అందులో పనిముట్లతో పాటు ఎప్పుడూ ఒక జొన్నరొట్టె మూట ఉండేది. తన కింద ఉన్న ఏ లైను ఎక్కడ వంగిందో, ఏ రైతు చేను మీదుగా పోతుందో, ఏ స్తంభం వానకు ఒరుగుతుందో కాగితం చూడకుండా చెప్పేవాడు. నేను గీయించిన పటాలలో అతడు దిద్దిన తప్పులు చాలా ఉన్నాయి. దిద్దేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా గెలిచినట్టు నవ్వలేదు.

అతనిలో నాకు నచ్చని అలవాటు ఒకటి ఉండేది. లైన్ క్లియర్ నంబరు తీసుకున్న తరువాత కూడా, స్తంభం మీద చేయి వేసే ముందు, ఆ లైనులో అన్నిటికంటే చివర ఉన్న ఇంటికి ఫోను చేసేవాడు. ఆళ్లగడ్డకు పడమరగా వెళ్లే లైనులో ఆ చివరి ఇల్లు చెన్నమ్మది. ఊరి బయట, శనగచేల మధ్య, రెండు గదుల మిద్దె. ఫోన్లు లేని రోజులలో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి ఆమె గుమ్మంలో బల్బు చూసి వచ్చేవాడని తోటివారు చెప్పేవారు.

ఒకసారి ఆ సంభాషణ నా ఎదుటే జరిగింది.

"అక్కా, నేను మద్దిలేటిని. కరెంటు ఉందా పోయిందా?"

ఆమె గొంతు ఫోనులోంచి నాకు కూడా స్పష్టంగా వినిపించింది.

"ఏందప్పా ఇది? కరెంటు తీసేది మీరే, పోయిందా అని అడిగేది మీరే! నీకు ఏమన్నా పనీపాటా ఉందా లేదా?"

"ఉండబట్టే అడుగుతాండా. ఫ్యాను తిరుగుతాందా చెప్పు."

"తిరగల్యా. అయినా పొద్దుగూకితే మా ఫ్యాను ఉన్నా లేనట్టే. రెక్కలు ఎన్నున్నాయో ఎంచుకోవచ్చు. మీ సార్‌కు చెప్పు ఆ మాట."

నేను పక్కనే ఉన్న సంగతి ఆమెకు తెలియదు. మద్దిలేటి తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు. నాకు కోపం వచ్చింది.

"మద్దిలేటీ, లైన్ క్లియర్ పుస్తకంలో తీసుకుంటావా, చెన్నమ్మ పొయ్యి దగ్గర తీసుకుంటావా?"

"పుస్తకంలోనే తీసుకుంటా సార్. పుస్తకానికి సంతకం ఉంది గానీ కండ్లు లేవు గదా సార్."

ఎదురుమాటగా తోచి ఆ రోజు గట్టిగా మందలించాను. నియమం ఉన్నచోట అలవాట్లు చేరితే నియమం పలచబడుతుందని నా నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా తప్పు కాదు. ఒక ఇంటి బల్బు ఆరడానికి ఫ్యూజు పోవడం మొదలు పది కారణాలు ఉండవచ్చు. బల్బు ఆరింది కదా అని లైను ఆగిందనుకుని ఎక్కితే అది ఆత్మహత్య. అయితే మద్దిలేటి ఆ బల్బును ఎక్కడానికి అనుమతిగా ఏనాడూ తీసుకోలేదు. ఎక్కకుండా ఆపే సాక్షిగా మాత్రమే పెట్టుకున్నాడు. ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు అప్పుడు అర్థం కాలేదు.

మధ్యాహ్నపు మిగులు, సాయంత్రపు కొరత

నా ఉద్యోగం చివరి రోజులలో నిల్వ సంగతి మా ప్రాంతానికి వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పడం తేలిక. మన మెట్ట నేలల మీద సూర్యవిద్యుత్ పలకలు పరిచారు. మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరిగేటప్పుడు వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పుడుతుంది. పొద్దు గూకగానే అది ఆగుతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో దీపాలు, వంటగదులు, దుకాణాలు మేలుకుంటాయి. పంట ఇంటికి వచ్చిన రోజే ఎవరూ అంతా తినరు, గాదెలో పోసుకుంటారు. కరెంటుకు కూడా గాదె కావాలి. కొండ మీదికి నీళ్లు తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం ఒక పద్ధతి. పెద్ద బ్యాటరీలలో నింపుకోవడం మరొకటి.

గాదె కట్టడం ఖర్చుతో కూడిన పని కనుక ప్రభుత్వం చేయూత ఇవ్వాలి. అందుకే ఆ విధానం. నేను దానికి విరోధిని కాను. చెన్నమ్మ ఫ్యాను రెక్కలు ఎంచుకునే దుస్థితి పోవాలంటే అదే దారి అని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ప్రయోగంగా ఒక బ్యాటరీ కేంద్రాన్ని ఆళ్లగడ్డ పడమటి లైను చివర, చెన్నమ్మ ఇంటికి కొద్ది దూరంలో పెట్టారు. దానిని నడిపించే నియమాలు రాసే పని నాకు అప్పగించారు. నేను ఎంతో శ్రద్ధతో రాశాను. అందులో నాకు గర్వకారణమైన వాక్యం ఇది: "సబ్‌స్టేషన్ నుంచి సరఫరా ఆగిన వెంటనే, ఎవరి ఆదేశం కోసమూ ఎదురుచూడక, నిల్వ కేంద్రం ఆ లైను భారాన్ని స్వీకరించవలెను."

గాలివానకు సబ్‌స్టేషన్ వైపు ఏదైనా చెడిపోతే ఊళ్లు చీకటిలో ఉండకూడదని నా ఉద్దేశం. కేంద్రం ఫలితం మొదటి నెలలోనే సాయంత్రాలలో కనిపించింది. చెన్నమ్మ మద్దిలేటికి తనంతట తానే ఫోను చేసి, "మీ సార్ పుణ్యమా అని ఫ్యాను గట్టిగా తిరుగుతాంది. తాగిపోను రమ్మను, మజ్జిగిస్తా" అన్నదట. అంతకు మించిన ప్రశంసాపత్రం నాకు శాఖలో దొరకలేదు.

పని పడిన రోజు

ఆ ఏర్పాటు మొదలైన తరువాత ఆ లైను మీద ముందుగా అనుకుని చేసే పని పడడం అదే మొదటిసారి. ఒక స్తంభం మీద పింగాణీ ఇన్సులేటర్ పగిలింది. మార్చాలి. ఆ మధ్యాహ్నమే రాజధాని నుంచి అధికారులు బ్యాటరీ కేంద్రం చూడడానికి వస్తున్నారు. వారు వచ్చేలోగా పని ముగియాలని నేనే స్వయంగా స్తంభం దగ్గరికి వెళ్లాను. ఉదయం పదకొండు దాటింది. ఎండ అప్పటికే పట్టింది.

మద్దిలేటి సబ్‌స్టేషన్‌కు ఫోను చేశాడు. ఆపరేటర్ హుస్సేన్ స్విచ్చు తెరిచి, తాళం వేసి, పుస్తకంలో రాసి, నంబరు చెప్పాడు. మద్దిలేటి దానిని తన చేతిమీద పెన్నుతో రాసుకున్నాడు. తరువాత అలవాటు ప్రకారం చెన్నమ్మకు ఫోను కలిపాడు. మోగింది. ఎవరూ తీయలేదు. మళ్లీ చేశాడు. తీయలేదు.

నేను గడియారం చూసుకున్నాను.

"ఏం మద్దిలేటీ, ఆమె సంతకం కూడా కావాలా? నంబరు వచ్చింది కదా. ఎక్కు."

"ఒక్క నిమిషం సార్."

"ఆ నిమిషాలు లెక్కపెట్టడానికే నేను ఇక్కడికి వచ్చానా? ఎక్కు."

అతడు స్తంభం కిందే నిలబడ్డాడు. నాకు కోపం పెరిగింది. అంతలో అతని ఫోను మోగింది.

"ఎవురు, మద్దిలేటేనా? ఊరికూరికే చేసినావంట, ఏందప్పా సంగతి? మిక్సీ ఏస్తాంటి. ఆ మోతకు ఇనపడల్యా."

మద్దిలేటి నా వైపు చూశాడు. ఫోను నా చేతికి ఇచ్చాడు.

"అమ్మా," అన్నాను, "మిక్సీ ఇప్పుడు తిరుగుతోందా?"

"మీరెవురప్పా? తిరక్కుండా ఎట్లుంటాది, కరెంటు ఉండాదిగా!"

హుస్సేన్ తాళం వేసిన లైను మా నెత్తి మీద ఉంది. చూడడానికి రోజూ ఉన్నట్టే ఉంది. చప్పుడు లేదు, మెరుపు లేదు. పదకొండు వేల వోల్టులు ఏ గుర్తూ చూపకుండా దానిలో ఉన్నాయి. ఎక్కినవాడు తాకే ముందు భూమికి కలిపిన రాడ్ తీగకు తగిలించాలన్నది నియమమే. కానీ ఆ రాడ్ చచ్చిన లైనుకు చేసే జాగ్రత్త. బతికి ఉన్న లైనుకు తగిలిస్తే లేచే మంటకు, స్తంభానికి బెల్టుతో కట్టుకున్న మనిషి ఎక్కడికి తప్పుకుంటాడు?

నేను బ్యాటరీ కేంద్రానికి ఫోను చేశాను. అక్కడి ఇంజనీరు చాలా మర్యాదగా జవాబు చెప్పాడు.

"అవును సార్, సబ్‌స్టేషన్ సరఫరా ఆగింది. క్షణంలో మేము అందుకున్నాం. మీరు రాసిన ప్రకారమే సార్."

తప్పు ఎక్కడ ఉంది

హుస్సేన్ తప్పు చేయలేదు. బ్యాటరీ ఇంజనీరు తప్పు చేయలేదు. మద్దిలేటి తప్పు చేయలేదు. ప్రతి ఒక్కరూ తమ కాగితాన్ని పాటించారు. మా తరం వారందరి బుర్రలలో కరెంటు ఒక వైపు నుంచే వస్తుంది. సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరి చివరి ఇంటికి చేరుతుంది. అక్కడ ఆపితే ఇక్కడ ఆగుతుంది. లైన్ క్లియర్ పుస్తకం మొత్తం ఆ ఒక్క నమ్మకం మీద కట్టినది. నేను లైనుకు కరెంటు వచ్చే రెండో చోటు చేర్చి, పుస్తకాన్ని మాత్రం పాతదే ఉంచాను. సరఫరా చెడిపోయి ఆగడం, మనుషులు కావాలని ఆపడం, ఈ రెండూ యంత్రానికి ఒకటేనన్న ఆలోచన నాకు రాలేదు.

పని ఆపించి జీపు నీడలో కూర్చున్నాం. హుస్సేన్‌కు ఫోను చేయబోయి రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. మద్దిలేటి తన సీసాలోని నీళ్లు ఇచ్చాడు.

"తాగండి సార్. ఎండకు అట్లుంటాది."

ఎండవల్ల కాదని ఇద్దరికీ తెలుసు. సీసా మూత బిగిస్తూ అతడే అన్నాడు: "ఇన్నాళ్లు ఈ లైనుకు ఒక్కటే తలకాయ సార్. ఇప్పుడు రెండుతలల పాము అయింది. యాడ పట్టుకోవల్నో మాకు చెప్పల్ల గదా."

ఆ మాటలో నింద లేదు. అందుకే ఇన్నాళ్లయినా అది నన్ను విడిచిపెట్టలేదు.

వచ్చిన అధికారులకు ఆ మధ్యాహ్నం జరిగినదంతా చెప్పాను. నా వాక్యం చదివి వినిపించి, తప్పు నాదేనన్నాను. కొందరు ముఖం చిట్లించారు. ప్రయోగం బాగా సాగుతోందని రాసుకోవడానికి వచ్చిన వారికి అది రుచించే మాట కాదు. పదవీ విరమణ దగ్గరలో ఉన్న మనిషి గనుక నన్ను పెద్దగా ఏమీ అనలేదు.

విధానంలో చేరవలసిన వాక్యం

నేను ఉద్యోగంలో ఉన్న మిగతా నెలలలో రెండు పనులు చేయించగలిగాను. బ్యాటరీ కేంద్రం లైనుకు కలిసేచోట, ప్రహరీ లోపల కాదు, రోడ్డు పక్కన, కంటికి కనిపించేటట్టు తెరుచుకునే స్విచ్చు పెట్టించాను. లైన్‌మన్ దానిని తన చేత్తో తెరిచి, తన తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుని ఎక్కాలి. లోపల కంప్యూటర్ తెర మీద 'ఆగింది' అని కనిపిస్తే చాలదు. రెండోది, లైన్ క్లియర్ పుస్తకంలో రెండో వైపు సంతకానికి ఒక గడి, దాని పక్కన 'చివరి ఇంటి విచారణ' అని మరొక గడి గీయించాను. ఆ రెండో గడిని చూసి నవ్వినవారు ఉన్నారు. ఒకప్పుడు నేనే ఆ అలవాటును మందలించాను కనుక వారిమీద నాకు కోపం లేదు.

నిల్వ విధానం మీద అభిప్రాయాలు కోరినప్పుడు ఒక్క పుట రాసి పంపాను. ప్రోత్సాహం పొందే ప్రతి కేంద్రమూ, చిన్నదైనా పెద్దదైనా, లైన్‌మన్ కంటికి కనిపించే, అతని తాళం పట్టే స్విచ్చు పెట్టి తీరాలని, అది లేనిదే ఏ రాయితీ ఇవ్వకూడదని కోరాను. అందినట్టు జవాబు వచ్చింది. ఆ తరువాతి సంగతి నాకు తెలియదు.

కొత్త ఇంజనీర్లకు నా సలహా ఒకటే. విధానం చదవండి, గౌరవించండి. కానీ దానిలో 'నిల్వ' అని ఉన్న ప్రతిచోటా 'రెండో వైపు నుంచి వచ్చే కరెంటు' అని చదువుకోండి. అప్పుడు మీకు స్తంభం మీది మనిషి కనిపిస్తాడు.

మద్దిలేటి దిద్దుబాటు

ఇంతవరకు రాసి, మద్దిలేటిని నంద్యాలకు పిలిపించాను. అతడు కూడా రిటైరయ్యాడు. ఆళ్లగడ్డ బస్సు దిగి, ఆటోలో వచ్చి, వరండాలో కూర్చుని, నేను చదువుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. పని పడిన రోజు భాగం అయిపోగానే కళ్లు తెరిచాడు.

"ఒగ తప్పుంది సార్."

"ఏమిటది?"

"ఒక్క నిమిషం అని నేను అడగల్యా."

"అడిగావు. నాకు బాగా గుర్తు."

"మీరు ఎక్కు అన్నంక ఫోను జేబులో ఏసుకున్యా సార్. బెల్టు బిగించుకుంటాంటి. ఒగ కాలు పైన పెట్టినా. అంతలోకే ఆయమ్మే తిరిగి చేసె. నేను ఆగల్యా సార్. మీ మాటకు ఎదురు చెప్పేంత ధైర్యం నాకు యాడిది?"

ఇన్నేళ్లుగా ఆ సంగతి ఎవరికి చెప్పినా, మద్దిలేటి నా ఆజ్ఞకు లొంగకుండా నిలబడ్డాడని, ఆ మొండితనమే అతన్ని కాపాడిందని గర్వంగా చెబుతూ వచ్చాను. అతడు నిలబడలేదు. నా మాట విన్నాడు. ఇరవై ఏళ్ల అలవాటును నా కోపం ఒక్క క్షణంలో తుడిచేసింది. ఒక ఇల్లాలు మిక్సీ ఆపి, ఎవరు చేశారో చూసి, తిరిగి ఫోను చేయకపోయి ఉంటే, ఈ వ్యాసం రాయడానికి నాకు చేతులు ఉండేవే గాని ముఖం ఉండేది కాదు.

"ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"మీరు అంత బాగా చెప్తాంటిరి సార్, నన్ను పెద్ద మొగోణ్ణి చేసి. వద్దనబుద్ధి కాల్యా," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో కూడా గెలుపు లేదు.

పై భాగాన్ని నేను దిద్దలేదు. నేను ఎలా గుర్తు పెట్టుకున్నానో అలాగే ఉంచి, నిజాన్ని దాని కింద రాశాను. అధికారి జ్ఞాపకం తనకు అనుకూలంగా ఎలా వంగుతుందో చదివేవారు చూడాలి. నియమాలు రాసేవారు ఇంకొకటి కూడా చూడాలి. కింది ఉద్యోగి ఎదురు చెబుతాడన్న ధైర్యంతో ఏ నియమమూ రాయకూడదు.

ఈ వ్యాసంలో ఇంకా తప్పులు ఉండవచ్చు. నాతో పనిచేసినవారు, ఆ పడమటి లైను వెంబడి కాపురం ఉన్నవారు, నిల్వ కేంద్రాలలో ఇప్పుడు పనిచేస్తున్నవారు దీనిని చదివి, లోపం కనిపిస్తే మొహమాటపడకుండా తెలియజేయవలసిందిగా వేడుకుంటున్నాను. నా వయసూ హోదా చూసి ఊరుకోవద్దు. ఈ పుటలలో ఎక్కడైనా లైను ఆగిందని నేను నమ్మకంగా రాసిన చోట, మీ ఇంట్లో ఇంకా బల్బు వెలుగుతూ ఉంటే, ఆ సంగతి నాకు చెప్పండి.